పన్నెండుకు వెయ్యొద్దు

"పన్నెండుకు వెయ్యొద్దు తల్లీ. పదకొండుకు వెయ్యండి. కుండ గుర్తు."

కోదాడలో మొదటి గడప దగ్గర అతను అన్న మాట ఇది. పొద్దున ఎనిమిదే అయింది. అప్పటికే గొంతు బొంగురుపోయింది. ముఖానికి చుట్టుకున్న తువ్వాలలోంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మే నెల. వడగాడ్పుకు జడిసి ఊళ్లో సగం మంది అలాగే తిరుగుతున్నారు.

ప్రచారానికి అదే చివరి రోజు. సాయంత్రం ఆరింటికి మైకులు బంద్.

ఉన్న ఎంపీ ఈసారి పోటీలో లేడు. పద్నాలుగు మంది నిలబడ్డారు. వాళ్లలో ఏ పార్టీ లేని జవహర్ సారు గెలుస్తాడని కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడింట్లోనూ మాట పుట్టింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన సారు. ఆ మాట పుట్టగానే ఎవరో పెద్దలు మోతె దగ్గరి తండాలో అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న ఇంకొకణ్ని వెతికి పట్టుకుని నామినేషన్ వేయించారు. పదకొండో నంబరు జవహర్, కుండ. పన్నెండో నంబరు జవహర్, బకెట్. ఓటింగ్ మిషన్ మీద ఒకరి కింద ఒకరు.

నీలా అనే ఆ ఇంటావిడ అతనిచ్చిన నమూనా బ్యాలెట్ కాగితాన్ని కళ్ల దగ్గర పెట్టుకుంది.

"రెండూ నీళ్లు పట్టేవే! పేరూ ఒకటే. మా అత్తగారిలాంటి వాళ్లకు ఏం తెలుస్తుందండీ?"

"ఫొటో చూడమనండమ్మా. సారుకు కళ్లద్దాలుంటయి. ఇంకొకనికి ఉండయి."

"ఆ రెండోవాడు తప్పుకోవచ్చుగా?"

"గడువు దాటింది. ఇగ వాడు చచ్చినా పేరు మిషన్ల ఉంటది."

"వాడి కొంప కూల!"

"కూలిందమ్మా," అన్నాడతను.

ఆమె మజ్జిగ తెచ్చిచ్చింది. గోడ వైపు తిరిగి తాగి, మోపెడ్ ఎక్కాడు.

మధ్యాహ్నానికి సూర్యాపేట. బస్టాండ్ వెనక చాయ్ హోటల్లో ఒక్కొక్కరికీ కాగితం చూపించాడు. చాయ్ పోస్తున్న రాకేష్ అతణ్ని ఎగాదిగా చూశాడు.

"గింత ఎండల తిరుగుతున్నవ్. సారు నీకు చుట్టమా అన్నా?"

"కాదు తమ్మీ. నేను ద్వాళి పెనిమిటిని."

"ద్వాళి ఎవరు?"

అతను చేతిలోని కాగితం మడిచాడు. తర్వాత, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నా భార్య. కిడ్నీలు ఖరాబైనయి. పదహారు నెలలు సారే తన కారుల ఈడి దవాఖానకు తెచ్చిండు. వారానికి రెండుసార్లు. రక్తం శుద్ధి చేసేదాకా నాలుగు గంటలు బయట బల్ల మీద కూసునేటోడు. ఆఖరికి ఈడ కాదన్నరు. పట్నంల పెద్ద దవాఖానల మంచం ఇప్పిస్తనని ఒకాయన మాటిచ్చిండు. సంతకాలు పెట్టమంటే పెట్టిన. మంచం రాలే." తువ్వాల సర్దుకున్నాడు. "పోయి తొమ్మిది రోజులు. పోయే ముందు ఒక్కటే అన్నది. సారు ఓడిపోవద్దు, ఓడిపోతే నా సమాధి కాడికి కూడ రాకు అన్నది."

రాకేష్ చాయ్ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ఆ పన్నెండో నంబరోడు ఏం తిని నిలబడ్డడో గాని!"

"తిన్నది అరగలేదంట," అన్నాడతను.

"వానికే సిగ్గుంటే గల్లీగల్లీ తిరిగి నాకు వెయ్యొద్దని చెప్పాలె."

"మొఖం చూపెట్టనీకి ధైర్యముండాలె గద తమ్మీ."

చాయ్ అలాగే చల్లారిపోయింది.

మిర్యాలగూడ చేరేసరికి అయిదు. గొంతు దాదాపుగా పోయింది. సైగలతో, కాగితంతో ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఇంటి అరుగు మీద రాజమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది.

"నాకెందుకు చెప్తవ్ బిడ్డా? మా ఇంట్ల నాలుగు ఓట్లూ జవహర్ సారుకే. బకెట్ గదా!"

అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. కాగితం పరిచి, ఆమె వేలు పట్టి కుండ మీద పెట్టాడు.

"గిదవ్వా. ఇంకోపాలి ఒత్తు."

వణికే వేలు జారి బకెట్ మీదికి పోయింది.

"కాదవ్వా. పైది."

మళ్లీ పోయింది. మూడోసారీ పోయింది. అతను గుంజకు తల ఆనించి ఏడ్చాడు.

"అయ్యో, ఓటుకు గిట్ల ఏడుస్తరా ఎవరన్న?" అని రాజమ్మ కంగారుపడి, తనంతట తానే వేలు తీసి కుండ మీద గట్టిగా ఒత్తింది. "ఇగో. ఇదే గదా? మావోళ్లకు కూడ చెప్తలే, ఊకో."

ఆరయింది. ఊరంతా మైకులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

వీధి మలుపులో జీపు ఆగింది. జవహర్ సారు దిగాడు. వెంట ఉన్న మహేష్ వేలు చూపించాడు.

"సారూ, ఈయనే. కోదాడ నుంచి ఫోన్లొచ్చినయి, సూర్యాపేట నుంచి వచ్చినయి. మన కోసం పొద్దటి నుంచి తిరుగుతనే ఉన్నడంట. ఎవరో ద్వాళి పెనిమిటంట."

సారు అక్కడే ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మెల్లగా నడిచి వచ్చి అరుగు దగ్గర అతని పక్కనే కూర్చున్నాడు. అతను తల వంచుకుని తువ్వాల కొసను రెండు చేతులా ఇంకా బిగించి పట్టుకున్నాడు.

సారు అతని వీపు మీద చెయ్యి వేసి, "ఎండ పోయింది, ఇగ ఆ తువ్వాల తియ్యి జవహర్," అన్నాడు.