వెనకనుంచి ఒక గొంతు

పాట మధ్యలో కీరన్ మైకు జనం వైపు తిప్పాడు.

అదతని అలవాటు. ఇంగ్లండులో ఏ హాల్లోనైనా ఈ పాట పల్లవి అతను పాడక్కర్లేదు. మైకు తిప్పితే చాలు, వేల గొంతులు అందుకుంటాయి. అతను కళ్ళు మూసుకుని వింటాడు.

కానీ ఇది అమెరికాలోని క్లీవ్‌లాండ్. హాల్లో ఉన్న కాసినిమందీ బీరు గ్లాసులు పట్టుకుని, వీడికేమైంది అన్నట్టు చూశారు. పల్లవి వచ్చే చోట డ్రమ్ము ఒక్కటే మోగింది.

తొంభై ఆరో సంవత్సరం అది. ఇంగ్లండులో ఈ నలుగురు హల్ ఊరి కుర్రాళ్ళ బ్యాండు ఫోటో వెయ్యని పత్రిక లేదు. అమెరికాలో మాత్రం హాలు గుమ్మం దగ్గరే ఎవరు మీరు అని ఆపుతున్నారు.

వ్యాన్ ఎక్కాక కీరన్ కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు.

"ఇంత పెద్ద దేశంలో నాతో ఆ ఒక్క ముక్క పాడేవాడు ఒక్కడు లేడురా" అన్నాడు.

గిటారు వాయించే డగ్గీ వినిపించుకోలేదు. అతనికి ఇంటి మీద బెంగ. ఇక్కడ ఈగలు తోలుకునే బదులు తిరిగి పోదామని రోజూ పోరుతున్నాడు.

వ్యాన్ నడిపే వెర్నన్ రేడియో తగ్గించాడు.

ఆయన ఇక్కడివాడే. అరవై దాటినవాడు. వ్యాన్‌తో పాటు అద్దెకు వచ్చాడు. ఏదడిగినా ఒక ఊపిరి తీసుకుని గాని జవాబు చెప్పడు. మీ చప్పుడు నాకు తలనొప్పి అని మొదటిరోజే అనేశాడు. అప్పట్నుంచి కుర్రాళ్ళు ఆయన్ని ఆటపట్టించడమే గాని, కూర్చుని మాట్లాడింది లేదు.

డెట్రాయిట్‌లో కీరన్ మైకు తిప్పకూడదనే అనుకున్నాడు. చెయ్యి దానంతటదే తిరిగింది.

వెనకనుంచి ఒక గొంతు లేచింది.

బొంగురు గొంతు. శ్రుతి లేదు. తాళం కాస్త వెనకపడుతోంది. అయినా పల్లవి మొత్తం పాడింది. కళ్ళల్లో లైట్లు పడుతుంటే కీరన్‌కి మనిషి కనబడలేదు. గొంతు విన్నాడు, అంతే. అతని గుండె నిండిపోయింది.

షికాగోలోనూ ఒకడు పాడాడు. మిల్వాకీలోనూ పాడాడు.

కీరన్ ఇంటికి ఫోన్ చేసి, ఊరికొకడున్నాడమ్మా అని చెప్పాడు. తర్వాత డగ్గీ మళ్ళీ ఇంటిమాట ఎత్తితే కస్సుమన్నాడు.

"వాడెవడో నలుగురిలో సిగ్గు విడిచి పాడుతున్నాడు. వాణ్ణి వదిలేసి ఎలా పోతాం? ఈసారి ఒక్కడు. వచ్చేసారి పదిమంది."

ప్రయాణం సాగింది.

సెయింట్ లూయిస్‌లో పాటలు ముగించుకుని బయటికొచ్చేసరికి వ్యాన్ అద్దం పగిలి ఉంది. కీరన్ గిటారు లేదు. స్టేజీ మీద వాయించేది కాదు. నాన్న కొనిచ్చింది. నాన్న పోయాక ఎక్కడికెళ్ళినా వెంట ఉంచుకునేది.

పాటలయ్యేదాకా వ్యాన్ విడిచి కదలకూడదని వెర్నన్‌కి ముందే చెప్పారు.

"ఎక్కడికి పోయావు?" అని అడిగాడు కీరన్.

వెర్నన్ ఊపిరి తీసుకున్నాడు. "లోపలికి."

"మా పాటలంటే నీకు తలనొప్పి కదా. లోపలేం పని? తాగడానికి పోయావా?"

ముసలాయన తల దించుకున్నాడు. "పొరపాటైంది, అబ్బాయీ."

కీరన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. సౌండు చూసే స్టాన్ ఏదో చెప్పబోతే, నువ్వు కల్పించుకోకు అన్నాడు. ఎవరు చెప్పినా వినే స్థితిలో లేడు.

మర్నాడు పొద్దున బస్టాండు ముందు వ్యాన్ ఆపించాడు. వెర్నన్ తన సంచీ, కాఫీ ఫ్లాస్కూ తీసుకుని దిగాడు.

"పగిలిన అద్దం దగ్గర కూర్చోకు. చలిగాలికి గొంతు పోతుంది" అన్నాడు.

కీరన్ మొహం తిప్పుకున్నాడు.

వ్యాన్ అద్దెకిచ్చినవాళ్ళు కొత్త డ్రైవర్‌ని పంపారు. చురుకైనవాడు. వ్యాన్ విడిచి అడుగు కదలడు.

కాన్సస్ సిటీలో మైకు తిప్పితే ఎవరూ పాడలేదు. ఈ ఊళ్ళో వాడికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు కీరన్.

ఒమాహాలోనూ ఎవరూ పాడలేదు.

డెన్వర్‌లో మైకు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పాపం డ్రమ్ము కుర్రాడు వాయించిందే మళ్ళీ మళ్ళీ వాయించాడు. ముందు నిలబడ్డ అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. కీరన్ చెయ్యి దించి, పల్లవి తనే పాడుకున్నాడు. అంత ఒంటరిగా అతనెప్పుడూ పాడలేదు.

హాలు ఖాళీ అయింది. డగ్గీ విమాన టికెట్ల సంగతి కనుక్కోవడానికి ఫోన్ దగ్గరికి పోయాడు. ఈసారి కీరన్ ఆపలేదు. స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. కింద స్టాన్ వైర్లు చుడుతున్నాడు.

"ఊరికొకడైనా ఉండేవాడు కదా, స్టాన్. వాళ్ళకీ విసుగు పుట్టిందా?"

స్టాన్ చెయ్యి ఆగింది.

"ఊరికొకడు కాదు కీరన్. అన్ని ఊళ్ళలోనూ ఒక్కడే. నా సౌండు బల్ల పక్కన స్తంభం చాటున నిలబడేవాడు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."

కీరన్ గబుక్కున కిందికి దూకాడు. "ఎవరతను? ఇప్పుడెక్కడున్నాడు?"

స్టాన్ చుట్టిన వైరు పెట్టెలో పెట్టాడు.

"సెయింట్ లూయిస్ బస్టాండులో నువ్వే దింపేశావుగా."