డిస్కులో గొంతు

ఝాన్సీలక్ష్మి భయమల్లా ఒక్కటే: కంప్యూటర్లో ఉన్న మొగుడి గొంతు చెరిగిపోతుందేమోనని. కృష్ణకాంత్ పోయేనాటికి కీర్తన కడుపులోనే ఉంది. పుట్టబోయే బిడ్డ కోసం అతను పాడి పెట్టిన జోలపాట ఒక్కటే మిగిలింది. ఇప్పుడు చూస్తే విండోస్ తెరుచుకోవడం లేదు. సాయంత్రం షాపతను వచ్చి అంతా తుడిచేసి కొత్తగా వేస్తానన్నాడు.

అతను వచ్చేలోగా ఆమె, మొగుడి సొరుగులో దొరికిన, విండోస్ బదులు పనిచేసే లైనక్స్ సీడీ పెట్టి, సాయం కావాలంటే చేయమని అట్ట మీదున్న బాపట్ల నంబరుకు ఫోన్ చేసింది.

"కంగారు పడకమ్మా. పాతదాన్ని కదిలించం," అన్నారు అవతల ఫోనెత్తిన ఎజ్రా సార్. "డిస్కు చివర కాస్త చోటు విడగొట్టి లైనక్స్ అక్కడ వేద్దాం. అది లేచిందంటే పాత పాటను అదే తెరుస్తుంది. తెర మీద ఏముందో అక్షరం అక్షరం చదువు."

"తొమ్మిదో తరగతి గట్టెక్కనిదానివి, నువ్వు ఇంగ్లీషు చదువుతావంటే!" పిల్లను చంకనేసుకుని గుమ్మంలోంచి అంది అత్తగారు సుబ్బరత్నమ్మ. "నా కొడుకు గుర్తు ఆ ఒక్కటే. అదీ ఊడగొట్టేవు!"

"ఒక్క నిమిషం ఊరుకోండి అత్తయ్యా... సార్, ఈ, ఆర్, ఏ, ఎస్, ఈ..."

"ఆగాగు! దాని జోలికి పోకు. అది నొక్కితే డిస్కంతా ఖాళీ. కింది బాణం రెండుసార్లు నొక్కు. ఇప్పుడు?"

"ఎం, ఏ, ఎన్, యు..."

"అదే, మాన్యువల్. చోటు మన చేత్తో మనమే విడగొట్టుకోవచ్చు. ఎంటర్ కొట్టు."

ఆమె అంకెలు పూర్తిగా చదవకముందే అవతల లెక్క తేలిపోతోంది. పాతదానికి ముప్ఫై జీబీ, కొత్తదానికి పది. ఏ మీట నొక్కితే ఏం వస్తుందో అది రాకముందే చెప్పేస్తున్నారు. భుజం మీదుగా తొంగిచూస్తున్నారా ఏంటి అనిపించి, ఝాన్సీ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కూడా.

"ఇది నొక్కాక వెనక్కి రావడం ఉండదమ్మా. దేవుణ్ణి తలుచుకో."

"ఏ దేవుణ్ణి సార్?"

"మీ ఆయన్ని నువ్వు తలుచుకో, మా ఆయన్ని నేను తలుచుకుంటా."

కళ్లు మూసుకుని నొక్కింది.

రెండు గంటలు పట్టింది. లైనక్స్ లేచింది. సార్ మళ్లీ ఫోన్లో దారి చెబుతుంటే పాత ఫోల్డరు తెరుచుకుంది.

"నిద్దరోవే బుజ్జీ, నాన్న పక్కనే ఉన్నాడు..."

సుబ్బరత్నమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది. కీర్తన చంక దిగి, స్పీకరు వెనక్కి వెళ్లి ఎవరున్నారా అని వెతికింది.

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నారు ఫోన్లోంచి ఎజ్రా సార్.

మర్నాడు ఝాన్సీ సున్నుండల డబ్బా పట్టుకుని రేపల్లెలో బస్సెక్కింది. బాపట్ల వెళ్లి వచ్చాక, కళ్లు మూసుకుని కంప్యూటర్ మీటలు ఒక్కొక్కటే తడిమి చూసింది.

అటువైపు వెళితే మీరూ ఎజ్రా సార్ ఎలా ఉన్నారో ఒకసారి కనుక్కుని రండి. గుమ్మం దగ్గరే మీ పేరు చెప్పండి, పుట్టినప్పటి నుంచీ ఆయనకు చూపు లేదు.