ఏ సాయమూ అక్కరలేదు

"ఎవడు రాసిండు మేడం గీ రాత? వాని పేరు చెప్పున్రి!"

ముత్తమ్మ అరుపుకు మండలాఫీసులో వరసంతా ఇటు తిరిగింది. బల్ల అవతల కూర్చున్న ప్రియదర్శిని, ఇళ్ళ పథకానికి పేదల జాబితా తయారు చేసే అధికారి, చేతిలోని సర్వే ఫారం మరోసారి చదివింది.

"సొంత ఇల్లు ఉంది. సాగుభూమి ఉంది. రెండు పూటలా భోజనానికి లోటు లేదు. ఏ సాయమూ అక్కరలేదు. ఇందులో ఇలాగే ఉందమ్మా. అందుకే మీ పేరు రాలేదు."

"భూమా? మా భూమి మీద ఇమానాలు దిగుతున్నయి మేడం! సొంతిల్లంట! రేకుల అర్రల కిరాయికుంటున్నం. వానొస్తే గిన్నెలు పరుసుకొని తెల్లారేదాంక కూసుంటం."

వెనక నిలబడ్డ బుచ్చయ్య భార్య కొంగు లాగాడు. "ఊకోయే. పోదాం పా. మన నొసట లేదు."

"నీకు నోరు లేకనే గిట్లయింది మన బతుకు!" ముత్తమ్మ అతని చెయ్యి విదిలించి కొట్టింది.

ఆమె కోపం ఇవాళ్టిది కాదు. విమానాశ్రయానికి ఇల్లూ భూములూ పోయిన నాటి నుంచి లోపల రగులుతూనే ఉంది. ఒకప్పుడు ఊరంతా 'పటేలా' అని పిలిచిన ఆరెకరాల ఆసామి బుచ్చయ్య ఇప్పుడు కార్ల పార్కింగు దగ్గర గేటు తీసి సలాం కొడతాడు. ముత్తమ్మ కొత్తూరు రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో అంట్లు తోముతుంది. ముహూర్తాలు లేని నెలల్లో పొయ్యి వెలిగితే వెలిగినట్టు. ఇళ్ళ జాబితా గోడకు అంటించిన రోజున దాన్ని మూడుసార్లు చదివించుకుని విన్నది. గల్లీలో ఇద్దరు ముగ్గురి పేర్లున్నాయి. తమది లేదు. ఆ పూటే మొగుణ్ణి రెక్క పట్టుకుని బయల్దేరదీసింది. దారి పొడుగునా అతను వద్దనే అన్నాడు.

"నవీన్‌కుమార్‌ను పిలవండి. ఆ గల్లీ సర్వే చేసింది అతనే" అంది ప్రియదర్శిని.

ముప్పై దాటిన మనిషి, మెడలో గుర్తింపు కార్డుతో గబగబా వచ్చాడు. బుచ్చయ్యను చూడగానే అప్రయత్నంగా చేతులు జోడించాడు.

"బాగున్నరా పటేలా?"

బుచ్చయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ముత్తమ్మ వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసింది. ఆ ముక్కు, ఆ నుదురు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి.

"నువ్వు జంగయ్య కొడుకువు గాదురా?"

"అవును పెద్దమ్మా."

"ఓయమ్మా! గిదా సంగతి!" ముత్తమ్మ రెండు చేతులూ బల్ల మీద చరిచింది. "మేడం, వీళ్ళయ్య ఇరవై ఏండ్లు మా కాడ జీతమున్నడు. వీడు మా వాకిట్ల సద్ది తిని పెరిగిండు. ఆ కచ్చంత మనసుల వెట్టుకున్నడు. మీ అయ్య మా ఎడ్లు కాసిండని మా కడుపు మీద కొట్టినవారా? మా ఇంటి దిక్కన్న రాకుండ రాసినవు!"

నవీన్‌కుమార్ ముఖం నల్లబడింది.

"ఇంటి లోపలికి వెళ్ళి చూశావా?" ప్రియదర్శిని అడిగింది.

"లేదు మేడం. గల్లీ మలుపు కాడ్నే రాసుకున్న."

"ఎందుకు?"

అతను తలెత్తి బుచ్చయ్య వైపు ఒక్కసారి చూశాడు. బుచ్చయ్య గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు.

"తప్పు నాదే మేడం."

"ఇప్పుడే, నా ముందే మళ్ళీ రాయి."

నవీన్‌కుమార్ కొత్త ఫారం తీశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "రెండు పూటల తింటున్నరా పెద్దమ్మా?"

"గట్టిగ అడుగు! అందరు ఇననీ! ఫంక్షనుంటే మిగిలింది తెచ్చుకొని తింటం. లేకుంటే నీళ్ళు తాగి పండుకుంటం. రాయి!"

బుచ్చయ్య మెల్లగా వరండాలోకి వెళ్ళిపోయాడు.

"దవాఖానకు పోతున్నరా?"

"మోకాళ్ళు వాసి ఆర్నెల్లాయె. ఎవరు తీస్కపోతరు? రాయి!"

చివర ముత్తమ్మ వేలిముద్ర వేసింది. ప్రియదర్శిని ఫారం అందుకుని సంతకం పెట్టింది. "వచ్చే జాబితాలో మీ పేరు పంపిస్తానమ్మా." తర్వాత నవీన్‌కుమార్ వైపు తిరిగింది. "ఇలా మలుపుల దగ్గర నిలబడి ఇంకెన్ని కుటుంబాల నోళ్ళు కొట్టావో! రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు. కార్డు ఇచ్చేసి వెళ్ళు."

అతను వరండా వైపు చూశాడు. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. వరండాలోకి వచ్చి బుచ్చయ్య ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. వెనకే వచ్చిన ముత్తమ్మ కొంగు బిగించింది, ఏమన్నా అంటే చెంప పగలగొడదామని.

"పోయొస్త పటేలా" అన్నాడు నవీన్‌కుమార్. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రోడ్డు మీదికొచ్చినా ముత్తమ్మ కోపం చల్లారలేదు. "మంచిగయింది. ఇంక రెండు దెబ్బలెయ్యాల్సుండె. చూసినవా? నోరు దెరిస్తే పనయితది. నీలెక్క మూగెద్దోలె నిలవడితే ఇల్లొచ్చేదా?"

బుచ్చయ్య కల్వర్టు గట్టు మీద కూలబడ్డాడు. తువ్వాలుతో ముఖం ఒత్తుకున్నాడు. ఒత్తుకున్న తువ్వాలు తియ్యనే లేదు.

"ఏమయ్యా, ఏడుస్తున్నవా? వాని కొలువు పోయిందనా? మనకేం జాలి? అసలు వానికి మనమేం పాపం జేసినం? ఎందుకట్ల రాసిండు, చెప్పు!"

"నన్ను పటేలా అని పిలిచేటోడు వాడొక్కడే మిగిలిండే."

"అయితే?"

తువ్వాలు చాటు నుంచి బుచ్చయ్య గొంతు సన్నగా వచ్చింది.

"వాడు రాసిందంత నేను చెప్పిందే."