వాథియా దారిలో ఆగిన చోట్లు

చెల్లెలు చావుబతుకుల్లో ఉందన్న మనిషి దారిలో గుహలు చూస్తానంటాడా?

లిగోరిస్ టాక్సీ ఆపి పక్కసీటు వైపు కోపంగా చూశాడు. ముసలాయన పియరోస్ అప్పటికే తలుపు తీశాడు.

"పెద్దాయనా, పొద్దున కలమాటాలో ఏమన్నావు? వాథియాలో చెల్లెలు ఆఖరి ఊపిరి మీద ఉంది, బండి ఎగిరిపోవాలన్నావు. ఇప్పుడీ గుహలేంటి?"

"ఈ మానీ సీమ దాకా వచ్చి దీరోస్ గుహలు చూడకుండా పోతారా ఎవరైనా? దిగు. నువ్వూ రావాలి."

"నేనెందుకు? బండి దగ్గరుంటాను."

"నీ టిక్కెట్టూ నాదే. దిగరా లిగోరీ!"

ఆ చివరి మాట ఊరంతా వినిపించేలా అరిచాడు. టిక్కెట్ల కిటికీ దగ్గరున్న వాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు.

పడవలో గుహంతా తిరిగినంతసేపూ ముసలాయన పైనుంచి వేలాడే రాళ్ళ వంక ఒక్కసారైనా తలెత్తలేదు. మోకాళ్ళు ఊపుతూ, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. బయటికి రాగానే "పద, పద" అని తోశాడు.

తర్వాతి ఊళ్ళో మళ్ళీ "ఆపు" అన్నాడు.

ఈసారి పాత చర్చి. దానికి తాళం వేసుంది. అయినా ముసలాయన లిగోరిస్ భుజం మీద చెయ్యి వేసి చర్చి మెట్ల మీద నిలబడ్డాడు, ఫొటో తీయించుకునేవాడిలా. ఫొటో తీసేవాడు మాత్రం లేడు.

కంజుపిట్టల వేట కాలం. అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళందరి పక్కనా తుపాకులున్నాయి. ఒక్కడూ పలకరించలేదు. ఒక ముసలమ్మ వీళ్ళిద్దర్నీ చూసి గబగబా శిలువ గుర్తు వేసుకుని లోపలికి పోయింది.

"ఏం మనుషులయ్యా బాబూ!" కారెక్కుతూ విసుక్కున్నాడు లిగోరిస్. "మా అమ్మ నన్ను ఈ వైపు ఎందుకు రానిచ్చేది కాదో ఇప్పుడర్థమైంది. ఇక్కడ రాళ్ళూ, రాళ్ళలాంటి మొహాలూ తప్ప ఏమీ లేవంటుంది."

"మీ అమ్మ తెలివైన మనిషి," అన్నాడు పియరోస్.

యెరోలిమెనాస్ రేవులో మళ్ళీ ఆపించాడు. కాఫీ కావాలట.

"ఈలోపు మీ చెల్లెలు కాస్తా పోతే?"

"నా ప్రాణం గిలగిలా కొట్టుకుంటోందిరా. అయినా ఈ కాఫీ తాగి తీరాలి. లోపల కాదు, బయట కూర్చుందాం. అందరికీ ఎదురుగా."

రోడ్డు వైపే చూస్తూ కప్పు ఎత్తాడు. సగం కాఫీ సాసర్లోనే ఒలికింది. లోపల ఎవరో ఫోన్ తిప్పుతున్న చప్పుడు.

లిగోరిస్ మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాడు. కాఫీ కొట్టు నడిపే కానెల్లా అతని చెయ్యి పట్టుకుని పొయ్యి పక్కకి లాగింది.

"ఎవర్ని ఎక్కించుకొచ్చావో తెలుసా? ఆయన హంతకుడు. కువరాకోస్ ఇంటివాళ్ళ మనిషిని కాల్చి చంపి జైలుకి పోయాడు. మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెడితే చంపి తీరతామని వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది దికేయోస్ ఒక్కడే. వాథియాలోనే ఉంటాడు. వాడికి ఇందాకే కబురెళ్ళింది."

కానెల్లా లిగోరిస్ మొహం మీంచి చూపు తిప్పుకోవడం లేదు.

"నువ్వెక్కడివాడివి బాబూ?"

"కలమాటా."

"ఓహో," అంది. అతని చెయ్యి వదిలేసింది.

లిగోరిస్ బయటికొచ్చి బల్ల మీద గుద్దాడు. "లే. నీ దారి నువ్వు చూసుకో. మొన్ననే బండికి కొత్త అద్దాలు వేయించాను."

పియరోస్ బుకాయించలేదు. "చంపాను. అబద్ధం కాదు. జైల్లో ఇరవై ఏళ్ళు మగ్గాను. అన్నేళ్ళూ ప్రతి ఈస్టర్‌కీ గేటు దగ్గర నిలబడింది నా చెల్లెలు స్తమతా ఒక్కతే. దాని చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలి. ఆ తర్వాత కాల్చుకోనీ."

"నీతోపాటు నన్నూ కాలిస్తే?"

"నీ మీద ఈగ కూడా వాలదు. నా పక్కనుంచి కదలకు. అంతే చాలు."

"అంత గట్టిగా ఎలా చెప్తావు?"

ముసలాయన సముద్రం వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

లిగోరిస్ తనని తాను తిట్టుకుంటూ బండి స్టార్ట్ చేశాడు.

వాథియా గుట్ట కింద రోడ్డు ఆగిపోయింది. పైకి రాళ్ళ బాట. దానికి రెండు వైపులా ఎత్తయిన రాతి బురుజులు, సగం కూలినవి. పియరోస్ లిగోరిస్ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పరిగెత్తకు. నాతో కలిసి నడు."

బాట మలుపులో గోడ మీంచి తుపాకీ గొట్టం లేచింది. దాని వెనక తెల్లమీసాల మనిషి. గురి సూటిగా ముసలాయన గుండెకి ఉంది.

లిగోరిస్ వెనక్కి తగ్గబోయాడు. పియరోస్ ఆగలేదు, అతన్ని లాక్కుంటూ నడిచాడు. గొట్టం మెల్లగా లిగోరిస్ వైపు జరిగింది. అక్కడే నిలిచిపోయింది. ఆ తర్వాత కొద్దికొద్దిగా నేల వైపు దిగిపోయింది.

ముసలాయన అతని చెయ్యి వదిలేసి, పై ఇంటి గుమ్మంలోకి పరిగెత్తాడు. లోపలినుంచి పీలగా ఒక ఆడగొంతు.

"పియరో... వచ్చావా?"

తెల్లమీసాల మనిషి గోడ మీద కూలబడ్డాడు. "సిగరెట్టుందా?"

లిగోరిస్ వెలిగించి ఇచ్చాడు. అగ్గిపుల్లలు మూడు విరిగాయి. "మీరేనా దికేయోస్?"

"నేనే."

"మరి కాల్చలేదేం?"

"మాకో కట్టుబాటుంది. చచ్చినవాడి ఇంటి మగబిడ్డ తోడు నడుస్తుంటే, చంపినవాడి మీద తుపాకీ పేల్చకూడదు."

"ఆ ఇంట్లో మిగిలింది మీరొక్కరేనన్నారు కదా?"

దికేయోస్ పొగ వదిలి, అతని మొహంలోకి తేరిపార చూశాడు.

"నా తమ్ముడు వాడి చేతిలో పోయిననాటికి నువ్వింకా మీ అమ్మ కడుపులోనే ఉన్నావురా."