కొండవైపు గుమ్మం

ఏ ఊరికీ చెందని ఓ అడవిలో ఒక లకుముకి పిట్ట ఉండేది. కలలోనైనా మెలకువలోనైనా దానికి జలపాతం దగ్గరి విద్యాలయమే ధ్యాస. అక్కడ నీళ్ళు అద్దంలా ఉంటాయట, ఇంద్రధనుస్సు కింద పాఠాలు చెబుతారట. తీరా సీటు వచ్చింది మాత్రం బురదకుంట విద్యాలయంలో.

అక్కడ మొదటి పాఠం, ఎవరి బొరియ వాళ్ళు ఒడ్డున తవ్వుకోవడం. లకుముకి తుమ్మకొమ్మ దిగనేలేదు. "ఎలాగూ ఉండేదాన్ని కాను, తవ్వడం దేనికి?" అంది.

రోజూ పొద్దున్నే ముసలి కప్ప కింద నుంచి పలకరించేది. "ఏమ్మా, ఇంకా బయల్దేరలేదా? జలపాతం ఎండిపోతుందేమో చూసుకో."

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. అందరూ ఎవరి బొరియలోకి వాళ్ళు దూరారు. లకుముకి ముద్దగా తడిసి, రెక్క లేవక వణికిపోయింది. ఇలాంటి వాన ఇంకొకటి పడితే, జలపాతం దాకా ఎగరడానికి తనే మిగలదని భయం పట్టుకుంది.

తెల్లారగానే ముక్కుతో ఒడ్డు తవ్వడం మొదలుపెట్టింది.

"కుంట నచ్చిందన్నమాట" అని నవ్వింది కప్ప.

"నచ్చలేదు బాబాయ్. తడవడం అంతకన్నా నచ్చలేదు."

బొరియ గుమ్మం మాత్రం జలపాతం ఉన్న కొండవైపే పెట్టుకుంది.

మరుసటి ఏడు ఓ కొత్త లకుముకి పిల్ల వచ్చి, అదే తుమ్మకొమ్మ మీద మూతి ముడుచుకుని కూర్చుంది. మబ్బు కమ్ముకొస్తోంది.

"నాకీ కుంట నచ్చలేదక్కా" అంది.

"నాకూ అంతే" అంటూ లకుముకి బొరియలో కాస్త పక్కకి జరిగింది. "లోపలికి రా. ఇక్కణ్ణుంచి కొండ బాగా కనిపిస్తుంది."