మూడో ఫిర్యాదు

మధ్యాహ్నమే ఇల్లు చేరిన డాక్టరమ్మకి, తన తలుపుకి ఆనుకుని ఒక మనిషి నిద్రపోతూ కనిపించాడు.

మొహం మీద పేపరు. అదీ తన పేపరే.

"ఏమండీ, ఇదేమన్నా మీ పడకగదా?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఈమధ్యే కింది గదిలో దిగిన బేకరీ మనిషి. రాత్రంతా రొట్టెలు కాల్చి పొద్దున్నే వస్తాడు. ఒళ్ళంతా రొట్టెల వాసన.

"తప్పయిందమ్మా. కాస్త కునుకు పట్టింది."

"గది పెట్టుకుని మెట్ల మీద కునుకేంటండీ? రోజూ నా పేపరు నలిపేస్తున్నదెవరా అనుకున్నా. మీరేనన్నమాట."

ఆయన పేపరు జాగ్రత్తగా మడిచిచ్చి, తల వంచుకుని దిగిపోయాడు.

ఆయనలా దిగాడో లేదో, లోపల సన్నాయి అందుకుంది.

సన్నాయి ఆవిడ కుక్క. వాసన పట్టే వేటజాతి. బారెడు చెవులు, నేలకంటుకున్న ముక్కు, మేడంతా మోగే గొంతు. రోజంతా జనం చేత నోళ్ళు తెరిపించే పళ్ళ డాక్టరుకి, ఇంట్లో ఒక్క నోరు మూయించడం చేతకాలేదని అందరూ నవ్వుకునేవారు.

నవ్వి ఊరుకోలేదు. కింద వేలాడే ఫిర్యాదుల పుస్తకంలో దాని మీద రెండు ఫిర్యాదులు రాశారు. మూడోది పడితే కుక్కని పంపించెయ్యాల్సిందేనని ఓనరు తేల్చేశాడు.

సన్నాయి పక్కన లేకపోతే డాక్టరమ్మకి ముద్ద దిగదు.

అదృష్టం బాగుండి, కొన్నాళ్ళుగా ఆవిడ లేనప్పుడు అది కిక్కురుమనడం లేదు. "అంతా నా ట్రైనింగు," అని పళ్ళు పీకుతూ కూడా చెప్పేది. నోరు తెరుచుకున్నవాళ్ళు కాదనలేరు కదా.

ఆ మధ్యాహ్నం, పేపరు నలిపాడన్న కోపంలో ఆవిడ పుస్తకం తీసి రాసింది. 'కింది గది ఆయన నా గుమ్మంలో నిద్రపోతున్నారు. పేపరు పాడుచేస్తున్నారు.'

అది చదివి, ఆదివారం ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంది.

సోమవారం సాయంత్రం ఆవిడ వచ్చేసరికి, ఓనరు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మూడోది పడిందమ్మా. పొద్దున మీరటు వెళ్ళారు, ఇదిటు మొదలుపెట్టింది. ఇంతవరకూ ఆపితే ఒట్టు."

"ఇన్నాళ్ళూ బుద్ధిగానే ఉంది కదండీ. ఒక్కరోజులో దీనికేమొచ్చింది?"

తలుపు తీయగానే సన్నాయి ఆవిణ్ణి దాటుకుని బయటికి ఉరికింది. గుమ్మం ముందు మెట్టంతా వాసన చూసింది. అక్కడే ముక్కు ఆనించి, మూలుగుతూ కూలబడింది.

మెట్లు ఊడుస్తున్న పనావిడ చీపురు ఆపింది.

"ఆ బేకరీ ఆయన కోసమమ్మా. మీరు వెళ్ళగానే వచ్చి కూర్చుని, దీనికి పేపరు చదివి వినిపించేవాడు. ఇది తలుపు సందులో ముక్కు పెట్టుకుని గుర్రుపెట్టేది. అప్పుడు ఆయనా అక్కడే ఒరిగేవాడు."



"కింద మంచం ఉందిగా. వెళ్ళి పడుకోవచ్చుగా?" అంది డాక్టరమ్మ.

"నేనూ అదే అడిగానమ్మా. 'నేను లేస్తే వాసన పోతుంది, వాసన పోతే ఇది లేస్తుంది, ఇది లేస్తే మూడో ఫిర్యాదు పడుతుంది' అనేవాడు."