మూడంతస్తుల గూడు

“చక్రం తిప్పి చూశావా? తనిఖీకొచ్చే ఆవిడ ముందు కీచుమంటే పరువు పోతుంది,” అన్నాడు ఇంజనీరు.

“పొద్దుటినుంచీ నాకదే పని. మీరు కాస్త కూర్చోండి, చూడలేక చస్తున్నా,” అంది భార్య.

ఆయన కూర్చోలేదు. కాలు కాలిన పిల్లిలా హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆ ఇంట్లో పిల్లి మాట ఎత్తడం మర్యాద కాదు గానీ, ఆ తిరుగుడికి వేరే పోలిక కుదరదు. క్రితంసారి తనిఖీకి వచ్చినాయన గుమ్మం దగ్గరే నిలబడి పొడిపొడిగా మాట్లాడి, “కబురు చేస్తాం” అని వెళ్ళిపోయాడు. ఆ కబురు రానేలేదు. ఈసారి గట్టెక్కితే ఇంట్లోకి కొత్త పిల్ల వస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ ఆశతోనే నిద్ర మానుకున్నారు.

“మనకెంత బాధ్యత ఉందో మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. కళ్ళకు కట్టాలి,” అన్నాడు ఇంజనీరు.

“చూపించుకోవడానికి మనకున్నది ఇదే కదా,” అంది భార్య. ఆమె పళ్ళ డాక్టరు. ఆయన జనానికి ఇళ్ళ ప్లాన్లు గీసిస్తాడు. ఆయన గీసిన వంటగదుల్లో పోపు పెడితే ఇంటిల్లిపాదీ దగ్గుతారనీ, పొగ మాత్రం బయటికి పోదనీ పేరు. తన ఎలుకల కోసం గీసిన ఇంటికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

గంట మోగింది. నెరిసిన జుట్టు, భుజానికి సంచీ, మనసులో ఏముందో ముఖంలో కనపడనివ్వని మనిషి. మంచినీళ్ళు తాగి, “ఇల్లు చూపిస్తారా?” అంది.

“అందుకేగా మేడమ్ ఉన్నాం,” అంటూ ఇంజనీరు తిన్నగా పెద్ద గదిలోకి తీసుకెళ్ళాడు.

గోడ పొడవునా మూడంతస్తుల గూడు. కింద కాగితం పొట్టు పరుపు, మధ్యలో దాక్కోవడానికి చిన్న పెట్టెలు, పైన వ్యాయామశాల. పాలలా తెల్లటి ‘దొరసాని’ చక్రం మీద పరుగు తీస్తోంది. నల్లటి ‘మిరియం’ అట్టగొట్టంలోంచి ముక్కు మాత్రం బయటపెట్టింది.

“ఇంటికంతటికీ పెద్ద గది ఇదే. ఎండ నేరుగా పడదు, చలిగాలి తగలదు. అందుకే వీళ్ళకిచ్చేసి మేం హాల్లో సర్దుకున్నాం,” అన్నాడు ఇంజనీరు.

“ఒంట్లో బాగోకపోతే?”

“సెలవు పెట్టేస్తానండీ,” అంది పళ్ళ డాక్టరు. “ఆమధ్య దొరసాని తుమ్మిందని ఈయన ఫోన్ చేస్తే, కుర్చీలో నోరు తెరుచుకున్నాయన్ని అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాను. కింద పరిచిన రంపపు పొట్టు ఘాటు పడలేదట. అప్పటినుంచీ కాగితం పొట్టే.”

“ఆడుకోవడానికి?”

ఇంజనీరు ముఖం వెలిగిపోయింది. “చక్రం చూడండి, ఎక్కడా సందు లేదు. సందుంటే తోక ఇరుక్కుంటుంది. తాళ్ళు, నిచ్చెనలు, గొట్టాలు. వీటి చోట్లు మారుస్తూ ఉంటాం, లేకపోతే విసుగు. పళ్ళు పెరుగుతూనే ఉంటాయి గనక కొరకడానికి చెక్కముక్కలు. ఆ శాఖ మా ఆవిడది.”

“ఇంట్లో సందడి ఉంటుందా?”

“చీమ చిటుక్కుమనదు మేడమ్. చప్పుడుకి వీళ్ళు ఉలిక్కిపడుతున్నారని టీవీ తీసేశాం. పక్కింటి పిల్లలు చూస్తామని వచ్చేవాళ్ళు. ఒకటే గోల, పరుగులు. ఇప్పుడు గుమ్మం దాటనివ్వడం లేదు.”

ఆవిడ ఆయన వంక ఓ క్షణం ఎక్కువే చూసింది. ఆయన దాన్ని మెప్పు కింద జమ వేసుకున్నాడు.

“కొత్తగా వచ్చే పిల్లకి చోటు కొత్త, అందరూ కొత్త. బెదురుతుంది. తిండి ముట్టదు. అప్పుడేం చేస్తారు?”

“పైనుంచి చెయ్యి పెట్టకూడదండీ, గద్ద అనుకుంటారు,” అన్నాడు ఇంజనీరు. “ అరచేతిలో గింజలు పోసుకుని కదలకుండా కూర్చోవాలి. వాళ్ళంతట వాళ్ళే వచ్చి వాసన చూస్తారు. మిరియం అలాగే దారికొచ్చింది.”

“అంతకంటే ముందు కొన్నాళ్ళు విడిగా ఉంచాలి,” అందుకుంది భార్య. “ఏ జబ్బు మోసుకొస్తుందో తెలీదు కదా. వంటింట్లో దానికో గూడు వేరే ఉంది.”

“కరిస్తే కొడతారా?”

“అయ్యో, కొట్టడమేమిటండీ,” ఇంజనీరు నొచ్చుకున్నాడు. “కరిచిందంటే ముట్టుకునే తీరు మనకు తెలీలేదని అర్థం. గట్టిగా మాట్లాడం కూడా.”

ఆవిడ ముఖం కాస్త మెత్తబడింది. “ఎన్నాళ్ళని ఇంత చాకిరీ? విసుగు పుట్టదా?”

“ఎన్నాళ్ళెక్కడండీ, వీళ్ళ ఆయుష్షు మహా అయితే మూడేళ్ళు. ఇట్టే గడిచిపోతుంది,” అన్నాడాయన తేలిగ్గా. భార్య మోచేత్తో పొడిచి, “ఉన్నన్నాళ్ళూ మహారాణుల్లా బతకాలని మా తాపత్రయం,” అని సర్దింది.

ఆవిడ మెత్తబడిన ముఖం మళ్ళీ బిగుసుకుంది. బయటికొచ్చి, మూసి ఉన్న రెండో తలుపు చూపించింది. “ఆ గది?”

“వీళ్ళ సామానండీ,” అంది భార్య. “ పొట్టు బస్తాలు, గింజల డబ్బాలు, పాత గూళ్ళు. కాలు పెట్టే చోటుండదు.”

ఆవిడ ఆ మూసిన తలుపు వంకా, పెద్ద గది వంకా మార్చి మార్చి చూసింది. ఈ దెబ్బతో గట్టెక్కేశామని ఇంజనీరు భార్యకేసి చూసి కళ్ళతోనే నవ్వాడు. “ఇంకేమైనా అడగాలా మేడమ్?”

“ఒక్కటే,” అంది ఆవిడ.

“మీరు దత్తతకి అడిగిన పాప ఎక్కడ పడుకుంటుంది?”